వీరుని కన్నీరు

ధీరుఁడనఁగా దుఃఖము లేనివాఁడని లోకములో ఒక అభిప్రాయము కలదు. కథలలోని మహాపురుషులను గూర్చి పిల్లలకు చెప్పునపుడు మనము వారి పరాక్రమములను విస్తరించి వర్ణించి, వారు విలపించిన పుటలను త్రిప్పివేయుదుము. రాముఁడు సముద్రముపై వారధి కట్టించెనని చెప్పుదుము. సీతను కానక చెట్టుచెట్టును అడుగుచు అడవిలో పిచ్చివానివలె తిరిగెనని చెప్పుటకు సంకోచింతుము. ఒకవేళ చెప్పితిమేని, ఆయన భగవంతుఁడు గావున అది నటనయే యని వెంటనే సమాధానము కూడ చేర్చుదుము. ఈ యభిప్రాయమును నేనును నలువది యేండ్లు దాఁటువఱకు ప్రశ్నింపక నమ్మితిని. దానివలన ఒక నిరపరాధురాలికి నష్టము కలిగిన పిమ్మటఁగాని నాకు సందేహము పుట్టలేదు. ఆ సంగతి చెప్పుకొనుట నాకు గౌరవము కాదు. అయినను దానిని దాఁచి ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వితంతువు నాయొద్దకు వచ్చెను. భర్త పోయిన యేఁడాదిలోపలనే మఱఁదులు ఆమెను ఇల్లు వెడలఁగొట్టి, అతఁడు బ్రదికియున్న కాలముననే తన భాగమును తమకు వ్రాసియిచ్చెనని ఒక కాగితము చూపిరి. ఆమె చదువుకొన్నది కాదు. నా కార్యాలయములో రెండు మాటలు చెప్పునప్పటికి గొంతు పూడుకొని ఏడ్చుచుండెను. ప్రతిపక్ష న్యాయవాది ప్రశ్నించునపుడును ఇట్లే యేడ్చినచో తేదీలు తప్పిపోవునని భయపడి, "అమ్మా, బోనులో నిలిచినపుడు కంట నీరు పెట్టరాదు; ధైర్యముగ నుండవలెను; మన పురాణములలోని స్త్రీలను తలఁచుకొనుము" అని పలుమాఱులు బోధించితిని. ఆమె నామాట అక్షరాల పాటించెను. భర్త మరణించిన దినము, శవము ఇంటికి వచ్చిన వేళ, మఱునాఁడు గదికి తాళము పడిన విధము, అన్నియు పొల్లుపోకుండ రాతిబొమ్మవలె నిలిచి చెప్పెను. తీర్పు మాకు వ్యతిరేకముగ వచ్చెను. దానికి కారణములు పెక్కు. వానిలో నొకటి, సాక్షి నేర్పిన పాఠము ఒప్పగించినట్లు మాటలాడినదనియు, భర్తను కోల్పోయిన స్త్రీయందు సహజముగ కానరావలసిన చిహ్నము లేవియు కానరాలేదనియు వ్రాయఁబడెను. వరండాలో ఆమె నన్ను నిందింపలేదు. "ఏడ్వొద్దని మీరే చెప్తిరి గద సారూ" అని మాత్రము అన్నది.

మన పురాణములలోని స్త్రీలను తలఁచుకొనుమని ఆమెకు చెప్పితినేకాని, వారు నిజముగ ఎట్లుండిరో నేను తలఁచుకొనలేదు. అందువలన ఆ కాలమున సాయంకాలము పని ముగిసిన పిమ్మట సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు పోయి, చిన్నప్పుడు చదివిన గ్రంథములను మఱల చదువ మొదలిడితిని.

మా కోఠికి ఈ విషయముతో ఒక విచిత్రమైన సంబంధము కలదు. ఈ పేటకు పేరు వచ్చినది బ్రిటిషు రెసిడెంటు నివసించిన కోఠివలన. 19వ శతాబ్దారంభమున ఆ భవనమును కట్టించిన రెసిడెంటు పేరు జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు. గ్రీకు వీరుని పేరు అతని పేరి నడుమ ఇమిడియున్నది. స్వాతంత్ర్యానంతరము ఆ భవనము మహిళా కళాశాల పాలయ్యెను. ఆ కళాశాల విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టఁబడెను. పాలకుర్తిలో, విసునూరు దేశముఖునకు లొంగక, తాను సేద్యము చేసిన భూమిని, పండించిన పంటను నిలుపుకొన్న రజక స్త్రీ ఆమె. అకిలీసు పేరు గల దొర కట్టించిన మేడమీఁద ఐలమ్మ పేరు నిలిచినది. కాలమునకు ఇట్టి చమత్కారములు అప్పుడప్పుడు తోఁచుచుండును. కాని ఆ పేరునకు ముందు నిలిచిన "వీరనారి" అను మాటను చూచినప్పుడెల్ల నాకొక ప్రశ్న కలుగును: పంట కల్లములో నుండఁగా దేశముఖు మనుష్యులు వచ్చుచున్నారని విన్న రాత్రి ఆ తల్లికి నిద్ర పట్టెనా? పట్టియుండదు. ఆ నిద్రలేమిని తీసివేసి మనము మిగిలిన దానికి దండలు వేయుచున్నాము.

భాషానిలయము మాటయు కొంత చెప్పవలెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన, ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు దానిని నెలకొల్పిరి. తెలుఁగువారికి తమ భాషయే సిగ్గుగ నున్న కాలమున వారు ఒక వీరచక్రవర్తి పేరు ఎన్నుకొనిరి. 1906లో లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల తొలి ప్రచురణముగ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రను తెచ్చినది. లింకను న్యాయవాది, జీవితమంతయు విషాదముతో పోరాడినవాఁడు. మన పెద్దలు తెలుఁగు బాలురకు మొదట చూపఁదలఁచిన మహాపురుషుఁడు నవ్వుమొగము గల విజేత కాఁడనుట గమనింపఁదగినది.

నేను మొదట తెఱచినది భారత సభాపర్వము. జూదములో ధర్మరాజు సొత్తును, తమ్ములను, తన్ను, కడపట భార్యను ఓడెను. ద్రౌపదిని పిలువ వచ్చిన ప్రాతికామిచేత ఆమె ఒక ప్రశ్న పంపెను. పిమ్మట దుశ్శాసనుఁడు జుట్టు పట్టి సభకు ఈడ్చి తెచ్చినపుడు అదే ప్రశ్నను నిండుకొలువులో మఱల వేసెను. ముందుగ తన్ను తాను ఓడి దాసుఁడైనవానికి, ఆ తరువాత నన్ను పణముగ ఒడ్డుటకు అధికారము ఎక్కడిది? ఇరువది యేండ్ల వృత్తిలో నేను ఇంతకంటె సూక్ష్మమైన న్యాయప్రశ్నను వినలేదు. భీష్మునంతవాఁడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పించుకొనెను. వికర్ణుఁడొక్కఁడు లేచి ఆమె పక్షమున మాటలాడెను. కర్ణుఁడు అతని నోరు మూయించెను.

ఈ ప్రశ్న అడిగిన స్త్రీ యే స్థితిలో నుండెను? ఏకవస్త్రయై, జుట్టు విడివడి, మామలయెదుట ఏడ్చుచు, కోపముతో వణఁకుచుండెను. కన్నీరు బుద్ధిని కప్పివేయునని నేను నా కక్షిదారునకు బోధించితిని గదా! ఇక్కడ సభలో నున్న పండితులందఱు పొడికన్నులతో నుండిరి. వారిలో నెవ్వనికిని నోట మాట రాలేదు. ఏడ్చుచున్న యామెకే న్యాయము స్పష్టముగ కనఁబడినది. ఆమె దుఃఖమును తీసివేసినచో ప్రశ్న మిగులును. కాని అది బడిపిల్లల లెక్కవలె మిగులును. ఆ ప్రశ్న ఎవరి శరీరమునకు, ఎవరి మానమునకు సంబంధించినదో ఆ కన్నీరు తెలుపుచున్నది. నేను బోనులో నిలిపిన స్త్రీ విషయమున చేసినది ఇదియే. మాటలను ఉంచి, ఋజువును ఊడఁదీసితిని.

కర్ణుని మాట వచ్చినది గనుక అతనియొద్ద కొంత నిలువవలెను. మన జనసామాన్యమునకు కర్ణుఁడనఁగా దానము. 1977లో వచ్చిన చలనచిత్రము పేరే దానవీరశూరకర్ణ. నిజమే, సహజకవచమును ఊడఁదీసి యిచ్చినవాని దానము సామాన్యమైనది కాదు. కాని తిక్కనగారి ఉద్యోగపర్వము చదివిన పిమ్మట నాకు కర్ణుని యసలు వీరత్వము ఆ కవచమున కానరాలేదు. సంధి చెడి కృష్ణుఁడు తిరిగిపోవునపుడు కర్ణుని తన రథముపై కూర్చుండఁబెట్టుకొని జన్మరహస్యము చెప్పెను. నీవు కుంతి పెద్దకొడుకువు, పాండవులు నీ పాదములకు మ్రొక్కుదురు, రాజ్యము నీది. ఒక జీవితకాలము సూతపుత్రుఁడవని అవమానింపఁబడిన మనుష్యునికి ఇంతకంటె ఏమి కావలెను? అతఁడు కోరినదంతయు ఒక్క ఘడియలో దొరికినది. దొరికినపుడు తీసికొనలేకపోయెను. తన్ను పెంచిన రాధ, సంస్కారములు జరిపి పెండ్లిండ్లు చేసిన తండ్రి యధిరథుఁడు, పదుమూఁడేండ్లు తన్ను నమ్ముకొన్న దుర్యోధనుఁడు కన్నులయెదుట నిలిచిరి. ఆ పక్షము ఓడునని అతనికి తెలియును. సభలో తాను పాండవులను ఆడిన కఱకుమాటలకు పశ్చాత్తాపపడుచున్నానని కూడ చెప్పెను. అంతతో విడువక, ఈ రహస్యము ధర్మరాజునకు తెలుపవలదని వేఁడుకొనెను. తెలిసినచో అతఁడు రాజ్యము నాకిచ్చును; నేను దానిని దుర్యోధనునకు ఇచ్చివేయుదును; ధర్మాత్ముని చేతనే రాజ్యముండవలెను. శత్రువు ధర్మాత్ముఁడని ఒప్పుకొనుచు ఆ శత్రువుతోనే పోరాడఁబోవుచున్నాఁడు.

పిమ్మట నదీతీరమున కుంతి వచ్చెను. పుట్టిననాఁడు విడిచిన తల్లి, యుద్ధము తప్పదని తేలిననాఁడు వచ్చెను. కర్ణుఁడు ఆమెను క్షమించెనో లేదో నాకు నేఁటికిని స్పష్టముగ తెలియదు. ఎత్తిపొడువక మానలేదు, ఉత్తచేతులతో పంపనులేదు. అర్జునుఁడు తప్ప తక్కిన నలువురను చంపనని మాట యిచ్చెను; నేను చచ్చినను అర్జునుఁడు చచ్చినను నీకు కొడుకులు అయిదుగురే మిగులుదురని చెప్పెను. ఇది దానము. కవచకుండలములకంటె పెద్ద దానము. కోపమును, ప్రేమను, కృతజ్ఞతను, మూఁటిని ఒకేసారి మోయుచు చేసిన దానము.

కర్ణుఁడు చేసినది ధర్మమా యని అడుగుదురేమో. న్యాయవాదిగా అతని పక్షమున వాదింపఁగలను. న్యాయాధిపతినైతినేని తీర్పు అతనికి వ్యతిరేకముగనే వ్రాయుదును. కృతజ్ఞత గొప్పది, ద్రౌపదికి జరిగిన దానికంటె గొప్పది కాదు. అయినను ఆ తీర్పు వ్రాయునపుడు నా చేయి వణఁకును. ఆ వణఁకు నాలో పుట్టించుటయే కవి చేసిన పని. పాప మెఱుఁగని పుణ్యపురుషుని చదివినప్పుడు నేను చప్పట్లు కొట్టి ఇంటికి పోయెదను. కర్ణుని చదివినప్పుడు నేను ఎవరి యుప్పు తిని ఎవరి పక్షమున నోరు మూసికొంటినో లెక్క చూచుకొనవలసివచ్చును.

భాషానిలయమునకు పేరిచ్చిన చక్రవర్తి విషయమున మఱియొక వింత కలదు. కృష్ణదేవరాయలు యుద్ధములలో గెలిచినవాఁడు. అట్టివాఁడు ఆముక్తమాల్యద వ్రాయునపుడు వీరుని వెదకుకొనుచు ఏ రాజమందిరమునకును పోలేదు. మాలదాసరి గుడిసెకు పోయెను. దేవుని గుడిలోనికి రాఁదగనివాఁడని లోకము వెలుపల నిలిపిన ఆ భక్తుఁడు, తెల్లవాఱకముందే పాట పాడఁబోవుచు దారి తప్పి, మఱ్ఱిచెట్టుక్రింద బ్రహ్మరాక్షసునికి చిక్కెను. దేవునికి పాట వినిపించి తిరిగివచ్చెదను, అప్పుడు తినుమని వేఁడుకొనెను. రాక్షసుఁడు నమ్మలేదు, చేతికి చిక్కిన యాహారము తిరిగివచ్చునని ఎవఁడు నమ్మును? ఎట్టకేలకు విడిచెను. దాసరి పాడెను, తిరిగివచ్చెను. ఆ తిరుగుదారి నాకు ఆ కావ్యమంతటిలో ముఖ్యమైన దారి. పోవునపుడు కాళ్ళు త్వరపడును. వచ్చునపుడు ప్రతి యడుగును మనసు వెనుకకు లాగవలెను. బ్రదుకుమీఁద తీపి లేనివాఁడైనచో తిరిగివచ్చుటలో విశేషమేమి యున్నది? ఆ తీపి యుండియే వచ్చినాఁడు గనుకనే రాక్షసుని మనసు కరఁగినది; ఒకప్పుడు సోమశర్మ యను బ్రాహ్మణుఁడైన ఆ రాక్షసుఁడు మాలదాసరి పాటఫలము కొఱకు అతని కాళ్ళమీఁద పడెను. సుమారు 500 ఏండ్లనాఁటి చక్రవర్తి వ్రాసిన ఈ కథను మన కులాభిమానులు భక్తికథ యని పేరుపెట్టి చల్లగ దాఁటిపోవుదురు. అది ధైర్యమును గూర్చిన కథ.

పలనాటి కథ ఇంతకంటె వాఁడియైనది. 12వ శతాబ్దాంతమున కారెమపూడియొద్ద జరిగిన ఆ దాయాదుల పోరును శ్రీనాథుఁడు ద్విపదగ పాడెననియు, అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పరిష్కరించి అచ్చువేయించిరనియు చదువరులెఱుఁగుదురు. బాలచంద్రుఁడనఁగా మనకు కత్తి దూసిన బాలుఁడు. కాని కావ్యములో అతఁడు కత్తి దూయుటకు ముందు ఎన్ని గడపలు దాఁటెనో చూడుఁడు. బొంగరాలాటలో తగిలిన దెబ్బకు ఒక స్త్రీ యాడిన మాట గుండెలో గ్రుచ్చుకొనెను: తండ్రులు యుద్ధభూమిలో నుండఁగా నీవిక్కడ ఆడుకొనుచున్నావా? తల్లి గడప దాఁటవలెను. అంతవఱకు విడిచిపెట్టిన భార్య మాంచాల గడప దాఁటవలెను. ఆమెవద్దకు మొదటిసారి పోవుట సెలవు పుచ్చుకొనుటకే! ఆమె నిలుపఁజూడలేదు, పంపెను. ఈ ఘట్టమున బాలచంద్రునికంటె మాంచాల యెదుటనే నేను ఎక్కువసేపు నిలిచితిని. రణమునకు పోవువానికి పేరు వచ్చును. భర్త తన్ను చూచిన మొదటి దినమే కడపటి దినమని తెలిసియు పంపినదానికి ఏమి వచ్చును?

అనపోతు సంగతి చెప్పక విడువలేను. బ్రాహ్మణుఁడగు ఈ స్నేహితుఁడు యుద్ధమునకు వెంట వచ్చెను. అతఁడు చచ్చినచో పాపము తనకు చుట్టుకొనునని బాలచంద్రుఁడు ఒక నెపమున వెనుకకు పంపి, తాను ముందుకు సాగిపోయెను. తిరిగివచ్చి మోసము తెలిసికొన్న అనపోతు అక్కడనే ప్రాణము తీసికొనెను. ఆత్మహత్యను నేను మెచ్చుటలేదు, ఎన్నఁడును మెచ్చను. కాని యిక్కడ కవి మనకు చూపినది వేఱు. వీరుఁడు ప్రేమతోనే చేసిన పని, కులమునుగూర్చిన భయముతో కలసి, స్నేహితుని ప్రాణము తీసినది. కవి బాలచంద్రుని ఈ మచ్చ లేకుండ చిత్రింపఁగలిగియుండును. చిత్రింపలేదు.

హరిశ్చంద్రుని కాటిసీను మాట చెప్పనక్కఱలేదు. కన్నకొడుకు శవమును మోసికొనివచ్చిన భార్యను కాటిసుంకమడిగిన ఆ ఘట్టము కొఱకు మన పల్లెలలో జనము తెల్లవాఱువఱకు మేల్కొని కూర్చుండెడివారు. అక్కడ హరిశ్చంద్రుఁడు కన్నీరులేక సుంకమడిగినచో ఆ జనము లేచి కొట్టియుండెడివారే. గాంధీగారు చిన్నతనమున ఈ నాటకము చూచి పలుమాఱులు దానిని మనసులో ఆడుకొంటిననియు, తలఁచుకొని యేడ్చితిననియు తమ యాత్మకథలో వ్రాసికొనిరి. సత్యము పలుకవలెనను వాక్యము వారు పాఠ్యపుస్తకములలో ఎన్నిమాఱులో చదివియుందురు. వారిని పట్టుకొన్నది ఆ వాక్యము కాదు.

ఇంతవఱకు చదివినవారికి ఒక యాక్షేపణము తోఁచియుండవలెను. ఆవేశమే వీరుని చేయునదైనచో, కోపముతో ఇరుగుపొరుగుల తలలు పగులఁగొట్టు ప్రతివాఁడును వీరుఁడే కావలెను గదా? నేరవిచారణలలో ఇట్టి వీరులను వారమునకు ఇద్దఱిని చూచుచున్నాను. ఆక్షేపణము సరియైనదే. మన లాక్షణికులు ఈ చిక్కును ముందే యెఱిఁగినవారు. క్రోధము స్థాయిగా గలది రౌద్రరసము. వీరరసమునకు స్థాయి ఉత్సాహము. రెంటిని కలిపివేయలేదు. కాని శాస్త్రవిభాగము శాస్త్రములో నుండును. మనుష్యుఁడు కోపమునుండి వీరమునకు ఏ దారిని నడచునో కావ్యములే చూపవలెను.

మా కోఠి మేడకు పేరు తగిలించుకొన్న అకిలీసునే చూడుఁడు. హోమరుని ఇలియడు కోపమను మాటతోనే ఆరంభమగును. స్నేహితుఁడు పట్రోక్లసు చచ్చిన దుఃఖముతో అకిలీసు హెక్టరును చంపెను. చంపి, శవమును రథమునకు కట్టి ఈడ్చెను. ఇది వీరత్వమైనచో మన దుశ్శాసనుఁడును వీరుఁడే. ఆ తరువాత ఒక రాత్రి హెక్టరు తండ్రి, ముసలి ప్రయాము, శత్రుశిబిరమునకు వచ్చి, తన కొడుకులను చంపిన చేతులను ముద్దుపెట్టుకొని శవమును యాచించెను. అకిలీసునకు తన ముసలితండ్రి జ్ఞప్తికి వచ్చెను. ఇద్దఱును కలిసి యేడ్చిరి. శవము తిరిగి యిచ్చివేయఁబడెను. అంతవఱకు తన దుఃఖమొక్కటే లోకమున దుఃఖమని యున్నవానికి ఎదుటివాని దుఃఖము కూడ కనఁబడిన ఘడియ అది. అతఁడు వీరుఁడైనది ఆ ఘడియలోనని నా తలంపు.

మన దేశమునకు వచ్చినచో, ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి యున్నది. బారిస్టరు, సహాయనిరాకరణోద్యమమున చెఱసాలకు పోయి అక్కడ ఆ నవలను వ్రాసిరి. 1922లో వెలువడిన దానిని మదరాసు ప్రభుత్వము నిషేధించెను. అందులో రామదాసు కొడుకు సంగదాసు భూస్వామి చేతి దెబ్బకు చచ్చెను. ఒకే శోకము ఒకే యింట ఇద్దఱిని తాఁకెను. అన్న వేంకటదాసు ఇల్లు విడిచి, ధనవంతులను దోఁచువాఁడయ్యెను. తండ్రి రామదాసు ద్వేషమునకు చోటీయక నిలిచెను. గ్రంథకర్త యెవ్వరికిని శిక్ష వ్రాయలేదు, నేనును వ్రాయఁజాలను. రామదాసు శాంతము పుట్టుకతో వచ్చినదైనచో నాకు దానియందు ఇంత గౌరవముండెడిది కాదు. ఆ శాంతమునకు అతఁడు దినదినము వెల చెల్లించుచున్నాఁడు. వేంకటదాసు వలె కత్తి పట్టుటకు అతనికిని కారణమున్నదని మనమెఱుఁగుదుము, అతఁడును ఎఱుఁగును.

ఇఁక నావంటివానికి సూటిగ తగులు గ్రంథము కన్యాశుల్కము. 1892లో మొదట ఆడఁబడి, 1897లో అచ్చుపడి, 1909లో గురజాడ అప్పారావుగారిచే సమూలముగ తిరుగవ్రాయఁబడిన ఆ నాటకమున సౌజన్యారావు పంతులను నొక న్యాయవాది కలఁడు. సంస్కర్త, సచ్ఛీలుఁడు, వేశ్యలను చూడనని నియమము పెట్టుకొన్నవాఁడు. యౌవనమున ఆ పాత్రను చదివి, నేను పెద్దవాఁడనైనచో ఇట్టివాఁడనే కావలెనని కోరుకొంటిని. ఇప్పుడు చదువఁగా, ఆ కడపటి రాత్రి వఱకు ఆయన నియమములు ఆయనను ఎన్నఁడును నొప్పింపలేదని కనిపెట్టితిని. ఆయన ఇతరుల బ్రదుకులను దిద్దుచుండెను. తన బ్రదుకు ఎక్కడను చీలలేదు. ఆ రాత్రి మధురవాణి పురుషవేషమున వచ్చెను. పుట్టనే పుట్టని పెండ్లికూఁతురిని చంపెనని లుబ్ధావధానులపై వచ్చిన నిందను తొలఁగించు నిజము ఆమె గుప్పిటనున్నది. దానికి ఆమె యడిగిన ఫీజు ఒక ముద్దు.

ఇది వట్టి హాస్యమని నవ్వి పోవువారు పోదురు. కాని ఆ క్షణమున సౌజన్యారావు పంతులు మొదటిసారి మనుష్యుఁడయ్యెను. తన శీలము నిలుపుకొనుటయా, ఒక ముసలివాని ప్రాణము నిలుపుటయా? ఆ ముసలివాఁడు కూడ పసిపిల్లను కొని పెండ్లాడఁబోయినవాఁడు. జాలికి అంతగా అర్హుఁడు కాఁడు. శీలమున్నదను గర్వము కూడ ఒక సొత్తే యని, దానిని విడుచుట ధనము విడుచుటకంటె కష్టమని ఆయనకు తెలిసినది. ఆయన సిద్ధపడెను. అప్పుడు మధురవాణి యొల్లలేదు. నాటకమంతట మాటలతో పురుషులను గిరగిర త్రిప్పిన ఆ స్త్రీ, గెలిచిన పందెమును తన చేతులతో విడిచిపెట్టెను. ఆమె మనసున అంతవఱకు ఏమి జరిగెనో అప్పారావుగారు విప్పి చెప్పలేదు. 1955లో చలనచిత్రముగ వచ్చినపుడు ఆ పాత్రను సావిత్రిగారు ధరించిరి. పంతులు ఆమెకు భగవద్గీత ఇచ్చెను. ఎవరు ఎవరికి గురువైరో ఆ రాత్రి చెప్పుట కష్టము. సంస్కర్తలమగు మనము పతితులని పేరుపెట్టి ఉద్ధరింపఁబోయినవారిలో ఒకతె, మన ప్రతినిధియైన న్యాయవాదిని తన పంతమునుండి, ఆయన నియమమునుండియు రక్షించినది. ఆ పుటలు చదువునపుడు నాకు నా కక్షిదారు జ్ఞప్తికి వచ్చెను. ధైర్యము నేర్పఁబోయితిని. ఆమెకు లేనిది ధైర్యము కాదు. అత్తవారి గడపమీఁద మూఁడు రాత్రులు కూర్చుండి, పిలిచినవారి యింటికి పోక, తన గది తాళము వంక చూచుచు నిలిచినది ఆమె. ఆ సంగతి నాకు ఏడ్చుచు చెప్పినది. అనవసరమని ఆ మాట సాక్ష్యములో చెప్పనీయలేదు.

పై న్యాయస్థానమున అప్పీలు వేసితిమి. అక్కడ సాక్షులు మాటలాడరు, కాగితములే మాటలాడును. ఆ కాగితములలో ఆమె నోట నేను చెప్పించిన పొడిమాటలే యుండెను. రెండేండ్లకు మఱఁదులు రాజీకి వచ్చిరి. రావలసిన దానిలో సుమారు సగము భాగము, ఒక గది ఆమెకు దక్కినవి. రాజీకాగితముమీఁద వ్రేలిముద్ర వేయుటకు నా కార్యాలయమునకు వచ్చిననాఁడు, గది హద్దులు చదివి వినిపించునప్పటికి ఆమె బొటబొట కన్నీరు కార్చుచు ఏడ్వసాగెను. గుమాస్తా సిరాపెట్టె చేతఁబట్టుకొని ఆమె ముందు నిలిచియుండెను. నేను వానిని కొంచెము ఆగుమంటిని.